గువ్వ గుర్తుపట్టని గుండె

"ఒకవేళ ఇది తెరుచుకోకపోతే?" అని అడిగాను.

అప్పటికి ఇంకా ఏమీ జరగలేదు. మా నర్సరీ షెడ్డులో చామంతి కుండీల పక్కన బల్ల వేసుకుని ఇంద్రాణి మేడమ్ తన కంప్యూటరుకి వైర్లు తగిలిస్తున్నారు. ఆవిడతో వచ్చిన కాలేజీ కుర్రాడు వేలికి పెట్టే క్లిప్పు తుడుస్తున్నాడు. మా అమ్మాయి జోషిత జడ పైకెత్తి పట్టుకుని, చెవి వెనక అతికించబోయే గువ్వ అనే బుల్లి మిషను కోసం ఎదురుచూస్తోంది.

"ఏది తెరుచుకోకపోతే?" అన్నారు మేడమ్.

"అదేనండి, నా ఫోన్లో పిల్ల సంగతులు కనబడే ఖాతా. ఒకరోజు పొద్దున్నే లేచి చూసేసరికి తెరుచుకోదనుకోండి. పిల్ల తాళానికి అటుపక్క, నేను ఇటుపక్క. అప్పుడు?"

గులాబీ కొమ్మలకి ముళ్ళు గీకుతున్న మా అత్తయ్య తలెత్తకుండానే అందుకుంది. "దీనికి పెళ్ళిపీటల మీద కూడా భయమేనమ్మా. తలంబ్రాలు పోత్తంటే మొగుడి మొహం చూడకుండా పైనున్న ఫేను కేసే చూసింది, మీద పడద్దేమోనని."

షెడ్డులో అందరూ నవ్వారు. ఆ రోజు ఫ్యాను నిజంగానే ఊగింది. ఆ మాట పదిహేనేళ్ళుగా చెబుతున్నాను, ఎవరూ వినరు.

నా పేరు మంగతాయారు. ఎనిమిదో తరగతి దాకా చదివాను. కడియంలో మాకు ముప్పావు ఎకరం గులాబీ నర్సరీ ఉంది. మా ఆయన సూరిబాబు వ్యాన్లో మొక్కలు చేరవేస్తారు. నేను అంట్లు కడతాను. భయపడడం నాకు ఎవరూ నేర్పకుండానే వచ్చింది. జోషిత పొట్టలో ఉండగా పాప పుట్టాక మెట్ల మీంచి పడుతుందేమోనని, అసలు మెట్లే లేని ఇంట్లో కూర్చుని ఏడ్చానంటారు.

ఇంద్రాణి మేడమ్ రాజమండ్రి దారిలో, మాకు ఐదు కిలోమీటర్ల దూరంలోని కాలేజీలో పరిశోధన చేస్తారు. గువ్వను కనిపెట్టింది ఆవిడే. కందిబద్దంత ఉంటుంది. చెవి వెనక ఎముక మీద అతికిస్తే చర్మంలో కలిసిపోతుంది. పిల్ల ఎక్కడుందో, తిందో లేదో, గుండె ఎలా కొట్టుకుంటోందో, భయపడిందో, నవ్విందో తల్లి ఫోనుకి చెబుతుంది. తల్లి ఒక గిరి గీయొచ్చు. పిల్ల ఆ గిరి దాటితే గువ్వ నెమలిలా అరుస్తుంది, మళ్ళీ లోపలికి వచ్చేదాకా ఆగదు. మా ఊళ్ళో నలభై ఇళ్ళు ఎంచుకుని, ముందు మీ పిల్లలకి పెట్టి చూస్తామన్నారు. ముప్పై తొమ్మిది ఇళ్ళవాళ్ళు ఆలోచించుకుని చెబుతామని, తర్వాతెప్పుడో ఒప్పుకున్నారు. నేను వెంటనే సంతకం పెట్టేశాను.

"పాస్‌వర్డు దొంగిలించొచ్చు. ముఖాన్ని ఫొటోతో మోసం చేయొచ్చు," అన్నారు మేడమ్. "కానీ బిడ్డ 'అమ్మా' అంటే తల్లి గుండె ఉలిక్కిపడే తీరుని ఎవరూ నటించలేరు. ఈ ఖాతాకి అదే తాళంచెవి. ఫోను మీద బొటనవేలు ఆనించండి. లోపల్నుంచి జోషిత గొంతు పిలుస్తుంది. మీ నాడి ఎగురుతుంది. ఖాతా తెరుచుకుంటుంది."

"మీ దగ్గర ఇంకో తాళంచెవి ఉంటుందిగా?"

"ఉండదు. నా దగ్గరుంటే రేపది ఇంకొకరి చేతికి పోతుంది. అందుకే లేకుండా కట్టాను."

ఆ మాటకి నా నాడి ఎంత ఎగిరిందో ఏ మిషనూ రాసుకోలేదు.

* * *

ఆ తర్వాత ఎనిమిది నెలలు నేను సుఖపడినట్టు ఇంకెవరూ సుఖపడి ఉండరు.

అంటు కట్టేటప్పుడు చేతులు ఖాళీ ఉండవు. ఒక చేతిలో కత్తి, ఒక చేతిలో కొమ్మ. నాటు గులాబీ బెరడు చీల్చి, అందులో రంగు గులాబీ కన్ను దూర్చి, పైన ప్లాస్టిక్ పీలిక చుట్టాలి. వేళ్ళ నిండా బురద, పసరు. అత్తయ్య నా పక్కన పీట వేసుకుని పీలికలు చింపి ఇస్తుంది. ఫోను ఆవిడ ఒళ్ళోనే ఉండేది. అది పలికే సంగతులు చెవి దగ్గర పెట్టుకుని వినేది.

"చూడండత్తయ్యా, ఏం చేస్తోందో."

"లెక్కల క్లాసులో ఉంది. నిద్రొత్తందంట."

పది అంట్లు కట్టాక మళ్ళీ అడిగేదాన్ని. "ఇప్పుడో?"

"నవ్వుతా ఉంది. లెక్కలయిపోయినట్టున్నాయి."

"అన్నం తిందా?"

"తింది. కూర వదిలేసింది. బెండకాయ పెట్టకే అంటే వినవు."

సాయంత్రం జోషిత ఇంటికొచ్చేసరికి నాకు అన్నీ తెలిసిపోయేవి. "తిన్నావా?" అని అడగను. తిందని తెలుసు. "ఎవరైనా ఏమైనా అన్నారా?" అని అడగను. అనలేదని తెలుసు. మొదట్లో పిల్లే ఏదో చెప్పబోయేది. "తెలుసమ్మా, మూడో పీరియడ్‌లో నవ్వావుగా," అనేదాన్ని. తెరిచిన నోరు మూసుకునేది. ఎంత చక్కగా సాగిపోతోంది అనుకున్నాను.

అత్తయ్య మాత్రం రోజూ నన్ను ఆడిపోసుకునేది. "పిరికిదానా. మా కాలంలో ముగ్గురు పిల్లల్ని కాలవ గట్టు మీద వదిలేసి నాట్లేయడానికి పోయేవోళ్ళం."

తొమ్మిదో నెలలో ఒక మధ్యాహ్నం ఆవిడే పీట మీంచి పక్కకి ఒరిగిపోయింది. ఆసుపత్రికి తీసుకెళ్తే గుండె మధ్య మధ్యలో దెబ్బ తప్పుతోందన్నారు. పేస్‌మేకర్ పెట్టారు. నాలుగో రోజుకి లేచి కూర్చుని, ఆసుపత్రి ఇడ్లీ బాగోలేదని నర్సుతో పేచీ పెట్టుకుంది. ఆ పేచీ వింటుంటే ప్రాణం లేచొచ్చింది.

ఆ నాలుగు రోజుల్లోనే ఖాతా మూసుకుపోయింది. ఆసుపత్రి వరండాలో నేను బొటనవేలు పెట్టాను. "అమ్మా," అంది ఫోను. ఆ వెంటనే చల్లగా ఇంకో గొంతు వచ్చింది. "క్షమించండి. మీ గుండె దడ మా దగ్గరున్న దడతో కలవడం లేదు."

చెయ్యి తుడుచుకుని మళ్ళీ పెట్టాను. క్షమించండి అంది. కలవకపోతే రోజుకి మూడుసార్లే అవకాశం. మూడోసారి పెట్టేముందు దణ్ణం పెట్టుకున్నాను. మళ్ళీ క్షమించమంది.

అత్తయ్య ఇంటికొచ్చాక ఫోను ఆవిడ దగ్గరికి వెళ్ళకుండా మా ఆయన గట్టిగా కట్టడి చేశారు. గుండెలో మిషనుంది కాబట్టి ఫోను దూరంగా ఉంచమని డాక్టరు చెప్పారు. "నీ పిల్ల గోల నువ్వే పడు," అని అత్తయ్య మంచం మీద అటు తిరిగి పడుకుంది.

* * *

సరిగ్గా అప్పుడే ఖోఖో జిల్లా జట్టు జాబితా వచ్చింది. మా స్కూలు గ్రౌండులోనే ఎంపికలు జరిగాయి. పన్నెండుమందిలో మా పిల్ల పేరు నాలుగోది. రాష్ట్ర పోటీలు అనంతపురంలో, పది రోజులు.

నేను గీసిన గిరి ఆరు కిలోమీటర్లు.

"గిరి తీసెయ్యమ్మా," అంది జోషిత.

"తెరుచుకోవట్లేదమ్మా."

"ఎందుకు తెరుచుకోదు? ఎనిమిది నెలలు తెరుచుకుంది. నన్ను ఎంపిక చేశాక తెరుచుకోదా?"

"నిజంగానే తల్లీ. క్షమించమంటోంది."

నా మొహంలోకి చూసింది. పదమూడేళ్ళ పిల్ల చూపు చాలా దూరం పోతుంది. "నీకు నేను వెళ్ళడం ఇష్టం లేదు. కావాలనే తెరవట్లేదు," అంది.

అది నాతో మాట్లాడిన ఆఖరి మాట. నాన్నతో మాట్లాడుతోంది, నాన్నమ్మతో మాట్లాడుతోంది, కుక్కతో కూడా మాట్లాడుతోంది. నేను పిలిస్తే పలకదు. పెట్టింది తింటుంది, కంచం కడుగుతుంది, వెళ్ళిపోతుంది.

ఇక్కడ ఒక మాట ఒప్పుకోవాలి. ఫోను క్షమించమన్నప్పుడు నేను ఏడ్చిన మాట నిజమే. కానీ అనంతపురం సంగతి విన్నాక లోపల ఎక్కడో చిన్న మూల, పోనీలే, వెళ్ళక్కర్లేదు అని కూడా అనిపించింది. పిల్లకి అది కనబడిందేమో. గువ్వ దాని చెవి వెనక ఉంది. నాకేమీ లేదు. అయినా పిల్లే నన్ను చదివేసింది.

కాలేజీకి ఫోన్ చేస్తే మేడమ్ ఊళ్ళో లేరు, శుక్రవారం వస్తారన్నారు. జట్టు బస్సు ఆదివారం. మా ఆయనకి ఒక ఆలోచన వచ్చింది.

"మంగా, ఎనిమిది నెలలుగా నువ్వు నిశ్చింతగా ఉండి గుండె మెత్తబడిపోయింది. అది దడుచుకోవడం మర్చిపోయింది. మళ్ళీ అలవాటు చెయ్యాలి."

"నేను దడుచుకోవడం మర్చిపోయానా?" అన్నాను. నా మీద అలాంటి నింద ఎవరూ ఎప్పుడూ వెయ్యలేదు.

బుధవారం ఆయన వ్యాన్ దిగుతూనే "జోషిత కొబ్బరిచెట్టెక్కి దిగలేకపోతోందే," అని అరుస్తూ వచ్చారు. జోషిత నా ఎదురుగా కూర్చుని పూరీలు తింటోంది. ఇద్దరం ఆయన కేసి చూశాం. ఆయన కూడా ఒక పూరీ తీసుకున్నారు. అత్తయ్య మంచం మీంచే, "పాము అనాల్సిందిరా. కొబ్బరిచెట్టుకి ఎవడు దడుత్తాడు?" అని సలహా ఇచ్చింది. గురువారం పాము అన్నారు. గంపెడు బంతి మొక్కలు కింద పడేశాను. చేతిలో ఫోను పట్టుకునే ఉన్నాను. క్షమించండి అంది. పాముకి పుట్టే దడ వేరు, పిల్ల కోసం పుట్టే దడ వేరు అని దానికి తెలుసు. నాకు దాని మీద గౌరవం పెరిగింది.

ఆ సాయంత్రం మూడో అవకాశానికి మా ఆయన నాకు చెప్పకుండా పిల్లని పోకచెట్ల కుండీల వెనక దాచారు. నిమిషం అయింది, రెండు నిమిషాలయింది. ఆరు వరసలు వెతికాను. నీళ్ళ తొట్టి దగ్గరికి వచ్చి అందులోకి తొంగి చూశాను. మా ఆయన నా బొటనవేలు పట్టుకుని ఫోనుకి ఆనించారు. "అమ్మా," అంది ఫోను. నా గుండె నోట్లోకి వచ్చింది.

"క్షమించండి. మీ గుండె దడ మా దగ్గరున్న దడతో కలవడం లేదు."

పోకచెట్ల మధ్యలోంచి జోషిత లేచి నిలబడింది. ఆ మాట తన చెవులతో వింది. దాని మొహంలో కోపం పోయింది. కోపం పోయిన చోటికి వచ్చిందేమిటో చూసి నాకు ఇంకా కష్టమనిపించింది. నేను కనబడకపోయినా మా అమ్మ గుండె ఎగరలేదా అన్నట్టు చూసి, లోపలికి వెళ్ళిపోయింది.

* * *

శుక్రవారం నలుగురం వ్యాన్లో బయల్దేరాం. అత్తయ్యకి కూడా అదే రోజు ఆసుపత్రిలో చూపించాలి. జోషిత నాన్నమ్మ పక్కన కూర్చుంది.

ఇంద్రాణి మేడమ్ ల్యాబ్ అంటే తెల్లగా మెరుస్తూ ఉంటుందనుకున్నాను. మా షెడ్డు కంటే ఇరుకు. కిటికీలో మా దగ్గర కొన్న మనీప్లాంటు ఎండిపోయి ఉంది. పలకరించకముందే దానికి నీళ్ళు పోశాను.

నా వేలికి క్లిప్పు పెట్టి పిల్ల గొంతు వినిపించారు. తెర మీద పచ్చగీత ఒకటి నిటారుగా లేచింది. మేడమ్ కళ్ళజోడు సర్దుకున్నారు.

"మంగతాయారుగారూ, నలభై మంది తల్లులవి చూశాను. ఇంత ఎత్తు లేచిన గీత ఇదొక్కటే."

"ఆ ముక్క నేను చెబుదును మేడమ్. దీనికి మిషనెందుకు?" అన్నారు మా ఆయన గర్వంగా.

జోషిత కుర్చీలోంచి లేచి తెర దగ్గరికి వచ్చింది. ఆ పచ్చగీత కేసి చాలాసేపు చూసింది.

మేడమ్ దాని కింద ఎర్రగీత ఒకటి తెచ్చారు. "ఇది మొదటి రోజు నమోదు చేసింది. ఇక్కడ ఎగిరింది. తర్వాత ఒక దెబ్బ తప్పింది, చూశారా? ఆ వెంటనే రెండు దెబ్బలు గబగబా. ఇది మీ గుండె కాదు. డెబ్బై ఏళ్ళ గుండె. ఆ రోజు క్లిప్పు ఎవరికి పెట్టారు?"

నాకు అప్పుడు గుర్తొచ్చింది. ఆ రోజు మేడమ్ గువ్వ అతికించే పనిలో ఉంటే, క్లిప్పు పెట్టింది ఒక కాలేజీ కుర్రాడు. షాక్ కొడుతుందేమోనని నాకు భయం. "అత్తయ్యా, ముందు మీరు పెట్టి చూడండి. మీకేమీ కాకపోతే నేను పెట్టుకుంటాను," అన్నాను. ఆవిడ తిట్టుకుంటూ పెట్టుకుంది. పిల్ల పిలిచింది. కుర్రాడు "అయిపోయిందండి," అన్నాడు. తర్వాత నేనూ పెట్టుకున్నాను కదా, అది నాదే అనుకున్నాను.

"మరి ఎనిమిది నెలలు ఎలా తెరిచారు?"

"నా చేతులు బురదగా ఉండేవండి," అన్నాను. "అత్తయ్య తెరిచి చెప్పేవారు. ఇంట్లోవాళ్ళం ఎవరం తెరిచినా ఒకటే అనుకున్నాం."

అందరం అత్తయ్య కేసి చూశాం. ఆవిడ గోడ మీద క్యాలెండరు చదువుతోంది. ఆవిడకి చదువు రాదు.

"ఏంటమ్మా, నీకు భయమా?" అన్నారు మా ఆయన.

"నాకేం భయం? గుండెకి భయమేమో. దాన్నడుగు," అంది.

ఆవిడ వేలికి క్లిప్పు పెట్టారు. జోషిత గొంతు పిలిచింది. గీత మీద దెబ్బ తర్వాత దెబ్బ, కుండీలు వరసలో పెట్టినట్టు సమానంగా సాగిపోయింది. ఎక్కడా ఎగరలేదు. ఇప్పుడా గుండెని నడిపేది పేస్‌మేకర్. అది ఎవరు పిలిచినా ఉలిక్కిపడదు. ఖాతా తెరిచే దడ ఈ భూమ్మీద ఇంకెక్కడా లేదు.

మేడమ్ ఇంకో పేజీ తెరిచారు. ఎనిమిది నెలల్లో ఖాతా తెరిచిన ప్రతిసారీ ఒక ఎర్రచుక్క పడింది. పేజీ నిండా కుంకం చల్లినట్టుంది. రోజుకి ముప్పై, నలభై. ఏడో నెల నుంచి ప్రతి చుక్క పక్కనా ఒకటి కాదు, రెండేసి తప్పిన దెబ్బలు.

"ఇన్నిసార్లు ఎగరడం వల్లే ఈవిడ గుండె పాడైందాండి?" అని అడిగాను.

"దానివల్లే అని చెప్పలేను," అన్నారు మేడమ్. ఆ పేజీని కిందిదాకా జరిపి చూశారు. "కాదనీ చెప్పలేను. తల్లికి ధైర్యం వస్తుందా లేదా అన్నదే కొలుచుకుంటూ కూర్చున్నాను. తెరిచినప్పుడల్లా ఆ గుండెకి ఏమవుతుందో ఒక్కసారీ చూసుకోలేదు. మిగతా ముప్పై తొమ్మిది ఇళ్ళకీ రేపే వెళ్ళాలి."

చూడండత్తయ్యా, ఇంకోసారి చూడండత్తయ్యా. రోజుకి నలభై సార్లు నా భయాన్ని ఆవిడ వేలికి అందించి, నేను నిశ్చింతగా అంట్లు కట్టుకున్నాను. ఆవిడ పిరికిదానా అని తిడుతూనే వేలు పెట్టింది. ఒక్కసారీ పెట్టనని అనలేదు.

"ఇప్పుడు రెండు దారులు," అన్నారు మేడమ్. "మీ గుండెతో కొత్తగా నమోదు చేయొచ్చు. ఇరవై ఒక్క రోజులు పడుతుంది. ఈలోగా పాప గిరి దాటకూడదు. లేదంటే గువ్వను తీసేయొచ్చు. మూడు నిమిషాల పని. కానీ ఒకసారి తీస్తే ఆ చర్మం మీద మళ్ళీ అతకదు. మీరూ పాపా ఇద్దరూ ఒప్పుకోవాలి."

జోషిత నా కేసి చూడలేదు. చెవి వెనక జుట్టు మాత్రం పక్కకి తీసి పట్టుకుంది.

అనంతపురం ఎంత దూరమో నాకు తెలుసు. బస్సులు ఎక్కడెక్కడ బోల్తా పడతాయో తెలుసు. అక్కడి నీళ్ళు, అక్కడి ఎండ, కొత్త చోట మెట్లు, అన్నీ వరసగా కళ్ళ ముందు నిలబడ్డాయి. ఇరవై ఒక్క రోజులు అనేమాట నాలుక చివరిదాకా వచ్చింది. అప్పుడు అత్తయ్య మణికట్టు కనబడింది. సూదులు గుచ్చిన చోట ఇంకా నల్లగా కమిలి ఉంది.

"తీసేయండి," అన్నాను.

సంతకం వంకరగా పడింది. అత్తయ్య అది చూసి, "ఇంకా నయం, వేలిముద్ర నన్నెయ్యమన్లేదు," అంది. మేడమ్ కూడా నవ్వేశారు.

* * *

ఆదివారం పొద్దున్నే స్కూలు గేటు ముందు బస్సు ఆగింది. మిగతా పిల్లలకి ఒక్కో సంచి. జోషితకి మూడు. ఒకదానిలో బట్టలు. ఒకదానిలో తినేవి. మూడోదానిలో పిన్నీసులు, జ్వరం మాత్రలు, దూది, రెండు టార్చిలైట్లు, తాడు. తాడెందుకని వ్యాయామం మాస్టారు అడిగారు. ఉండనివ్వండి మాస్టారూ అన్నాను.

మా ఆయన సంచులు పైకి అందిస్తున్నారు. అత్తయ్య డ్రైవరుని పక్కకి పిలిచి, బండెంత జోరుగా నడుపుతావో చెప్పమని అడుగుతోంది.

జోషిత నా పక్కన నిలబడింది. శుక్రవారం నుంచి నా మీద కోపంగా లేదు. అలాగని మాట్లాడనూ లేదు. మాట్లాడే అలవాటే మా ఇద్దరికీ పోయింది. చెవి వెనక చిన్న ఎర్రమచ్చ, అంతే. నా చేతిలో ఫోను ఉంది. అందులో చూడ్డానికేమీ లేదు. పిల్ల గుండె ఎలా కొట్టుకుంటోందో, రాత్రి నిద్రపోయిందో లేదో, లోపల ఏముందో నాకు ఒక్క ముక్క తెలియదు. ఎదురుగా రెండు జడలేసుకుని, ఖోఖో బూట్లు తొడుక్కుని నిలబడిన పిల్ల మాత్రం ఉంది.

వంద అడగాలనుకున్నాను. ఒకటే వచ్చింది.

"భయంగా ఉందా?"

ఎనిమిది నెలల్లో నేను దాన్ని అడిగిన మొదటి ప్రశ్న అదేననుకుంటాను.

జోషిత వంగి బూటు తాడు విప్పింది, మళ్ళీ కట్టింది. రెండోది కూడా విప్పి కట్టింది. మాస్టారు పేర్లు పిలవడం మొదలుపెట్టారు. ఒకటో పేరు, రెండో పేరు. పిల్లలు ఎక్కుతున్నారు. బస్సు ఇంజను మొదలైంది. నేను అలాగే నిలబడ్డాను. మళ్ళీ అడగలేదు. తొందరపెట్టలేదు. అది నాకు ఎంత కష్టమో ఎవరికి చెప్పినా అర్థం కాదు. నాలుగో పేరు పిలిచారు. జోషిత బస్సు మెట్టు మీద ఒక కాలు పెట్టి, ఆగి, వెనక్కి తిరిగింది.

"ఉందమ్మా," అంది. "రాత్రంతా నిద్ర పట్టలేదు. వెళ్ళనని కాదు. నీకు చెప్పాలనిపించింది, అంతే."